కొండముచ్చులూ, సవతి తండ్రులూ



ఇవాళ మీతో చెప్పుకోబోయే సంగతి పోయిన దసరా నాడు మా ఇంట్లో భోజనాల దగ్గర పుట్టింది. ఏ వంట గురించో, పిల్లల పెంపకం గురించో చెబుతుందని రేడియో దగ్గర కూర్చున్నవాళ్ళు ఒక్క పావుగంట ఓపిక పట్టండి. ఇదీ పిల్లల పెంపకం సంగతే. కాకపోతే కోతుల దగ్గరనించి ఎత్తుకోవాలి.

మాది జహీరాబాదు. హైదరాబాదునుంచి ముంబయి వెళ్ళే పెద్దరోడ్డు మీద, కర్ణాటక సరిహద్దుకి కాస్త ఇవతల ఉంటుంది. బజారుకి వెళితే తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగూ చెవిన పడతాయి. ఇక మిద్దెమీద వడియాలు పెట్టుకునే ఏ ఇల్లాలికైనా కోతుల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఎర్రమూతి కోతులు గుంపుగా వచ్చి పడ్డాయంటే వడియాలూ మిగలవు, వాటిని పెట్టిన గుడ్డా మిగలదు. వాటిని తరమడానికి తెలంగాణలో చాలా ఊళ్ళల్లో కొండముచ్చును తెచ్చి తిప్పడం మీరూ వినే ఉంటారు. ఆ నల్లటి మూతి, ఆ పొడుగాటి తోక కనబడితే చాలు, ఎర్రకోతులు పరుగో పరుగు. నిజం కొండముచ్చు దొరకనిచోట దాని బొమ్మను ఫ్లెక్సీ కొట్టించి కట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ కొండముచ్చే ఆ రోజు మా విస్తళ్ళ మధ్యకు వచ్చి కూర్చుంది.

మా తమ్ముడి కూతురు కరోనా రెండో ఏడు, అంటే 2021లో, భర్తను పోగొట్టుకుంది. అప్పటికి ఆ పిల్ల కడుపుతో ఉంది. పాప తండ్రి మొహమే చూడలేదు. ఇప్పుడు పాపకి నాలుగేళ్ళు. మా మేనకోడలికి మళ్ళీ పెళ్ళి చెయ్యాలని మా తమ్ముడు రెండేళ్ళుగా కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు. రెండోపెళ్ళి ప్రకటనలు మీరెప్పుడైనా చదివారా? ముఖ్యంగా మగవాళ్ళవి చదవండి. ఉద్యోగం, జీతం, సొంత ఇల్లు అన్నీ రాసుకుని చివర్న "పిల్లలు లేని వితంతువు కావలెను" అంటారు. తనకి ఇద్దరుంటే వాళ్ళని చూసుకోవడానికే మనిషి కావాలి. ఆమెకి ఒక్కరున్నా అది బరువు! అలాంటిది, ఇక్కడే ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తున్న ఒకాయన, భార్య పోయి మూడేళ్ళయినవాడు, పిల్లలు లేనివాడు, పాపతో సహా రమ్మన్నాడు. ఇంట్లో అందరికీ ప్రాణం లేచివచ్చింది.

సరిగ్గా అప్పుడే మా అబ్బాయి నోరు విప్పాడు. వాడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. "తొందరపడకండి అమ్మా. సింహాల్లో, కొండముచ్చుల్లో కొత్త మగది వచ్చిందంటే అంతకుముందున్న పిల్లల్ని చంపేస్తుంది. మనుషుల్లో కూడా సవతి తండ్రి ఉన్న ఇంట్లో పిల్లలకి ప్రమాదం ఎక్కువని లెక్కలున్నాయి. ఇది ఎవల్యూషన్. మగవాడి జీన్స్‌లోనే ఉంది" అన్నాడు.

పెద్దవాళ్ళెవరికీ మాట రాలేదు. ఇదివరకు శాస్త్రంలో ఉందంటే నోరు మూసుకునేవాళ్ళం, ఇప్పుడు సైన్సులో ఉందంటే మూసుకుంటున్నాం. మా మరదలు మాత్రం "మగబుద్ధి, ఏం చేస్తాం" అని నిట్టూర్చింది. మా మేనకోడలు సగం తిన్న విస్తరి మడిచి లేచిపోయింది.

నేను జంతుశాస్త్రంలో డిగ్రీ చేసినదాన్ని. ఆ సంగతి మా ఇంట్లో అందరూ మరిచిపోయారు, నేనూ మరిచిపోయాననుకోండి. కాలేజీలో కప్పను కోసిన చేత్తోనే ముప్పయ్యేళ్ళు వంకాయలు తరిగాను. ఆ రాత్రి మాత్రం నాకు పంతం వచ్చింది. వీడన్నది నిజమేనా? నిజమైతే ఎంతవరకు? వాడిచేతనే పుస్తకాలూ వ్యాసాలూ తెప్పించుకుని నెలరోజులు చదివాను. చదివింది మీకు చెబుతాను, వినండి.

ఈ కథ మొదలైంది ఎక్కడో అమెరికాలో కాదు, మాకు పొరుగున కర్ణాటకలోనే, ధార్వాడ్ దగ్గర. 1960ల మొదట్లో యుకిమారు సుగియామా అనే జపాను శాస్త్రజ్ఞుడు అక్కడి కొండముచ్చుల మందల్ని రోజుల తరబడి వెంబడించి గమనించాడు. ఒక మందలో సాధారణంగా పెద్ద మగది ఒక్కటే, ఆడవి చాలా, వాటి పిల్లలు. మంద దొరకని మగవన్నీ వేరే గుంపుగా తిరుగుతుంటాయి. ఒకరోజు ఆ మగగుంపు ఒక మంద మీద పడింది. పాత నాయకుణ్ణి తరిమేశాయి. తరవాత వాటిలో ఒకటి మిగిలిన మగవాటినీ వెళ్ళగొట్టి మందను తనది చేసుకుంది. కొద్ది వారాల్లోనే మందలోని పసిపిల్లలన్నీ కోరల గాట్లతో చనిపోయాయి.

ఆ రోజుల్లో దీన్ని ఎవరూ నమ్మదలచుకోలేదు. ఇరుకు ఎక్కువై మతిపోయి చేసిన పని అన్నారు. అలా అనుకునే 1971లో సారా హర్డీ అనే అమెరికా విద్యార్థిని రాజస్థాన్‌లోని మౌంట్ అబూకి వచ్చింది. కొండముచ్చుల వెంట కొండలన్నీ తిరిగి 1977లో పుస్తకం వేసింది. ఇరుకు కాదు కారణం అని తేల్చింది. పాలిచ్చే ఆడ కొండముచ్చు మళ్ళీ ఎదకు రావడానికి చాలాకాలం పడుతుంది. బిడ్డ పోతే త్వరలోనే వస్తుంది. మగదాని దొరతనం చూస్తే రెండు మూడేళ్ళు దాటదు. ఈలోగా తన పిల్లలు పుట్టి కాస్త పెరగాలి. కాబట్టి పరాయి పిల్లల్ని చంపిన మగదాని సంతానమే ఎక్కువ మిగిలింది, ఆ గుణమూ దానితోపాటే మిగిలింది. మగది కూర్చుని ఈ లెక్కంతా వేసుకుంటుందని కాదు సుమా. మనకి ఆకలేసినప్పుడు ఒంట్లో చక్కెర ఎంతుందో లెక్క వేసుకుంటామా? అలాగే ఇదీ.

చాలామంది హర్డీని వెక్కిరించారు, కాదు పొమ్మన్నారు. 1999లో నేపాల్‌లోని రామనగర్ కొండముచ్చుల మీద డీఎన్ఏ పరీక్షలు జరిగాయి. పిల్లల్ని చంపిన మగవి ఆ పిల్లలకి తండ్రులు కావని తేలింది.

అంటే మా అబ్బాయి అన్నది నిజమే. కాని వాడు కథ సగంలో ఆపేశాడు. హర్డీ పుస్తకంలో మిగతా సగం ఆడ కొండముచ్చుల గురించి. అవి చేతులు ముడుచుకు కూర్చోలేదు. కడుపుతో ఉన్న ఆడది కూడా కొత్త మగదానితోనూ, బయట తిరిగే మగవాటితోనూ కూడుతుంది. పుట్టబోయే బిడ్డ తనదేమో అన్న సందేహం ఆ మగదానికి కలిగితే చాలు, అది ఆ బిడ్డ జోలికి రాదు. ఆడవన్నీ ఒక్కటై మగదాని మీదికి ఉరుకుతాయి. అందరికంటే ముందు ఉరికేది ఎవరనుకున్నారు? పిల్లలు కనడం ఉడిగిపోయిన ముసలమ్మలు! మగది పట్టుకుపోతున్న బిడ్డను లాక్కోవడానికి ముసలి ఆడవి పదేపదే దాని మీద పడటం హర్డీ కళ్ళారా చూసింది. అది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

మరి మనుషుల సంగతి? కెనడాలో మార్టిన్ డేలీ, మార్గో విల్సన్ అని ఇద్దరు పరిశోధకులు, ఆలుమగలే, పోలీసు రికార్డులు తిరగేసి 1988లో హత్యల మీద ఒక పెద్ద పుస్తకం రాశారు. కన్నవాళ్ళ దగ్గర పెరిగే పసివాళ్ళకంటే సవతి తండ్రో తల్లో ఉన్న ఇంట్లోని పసివాళ్ళు ఇంట్లోవాళ్ళ చేతిలో చనిపోయే ప్రమాదం కెనడాలో పదుల రెట్లు ఎక్కువని వాళ్ళ లెక్క. వినగానే గుండె ఝల్లుమంటుంది. నాకూ అనిపించింది. కాని "రెట్లు" అనే మాట దగ్గర మనం కాస్త ఆగాలి. లాటరీ టిక్కెట్లు పది కొంటే ఒకటి కొన్నవాడికంటే పది రెట్లు అవకాశం. అయినా ఇద్దరూ ఉత్తచేతులతోనే ఇంటికొస్తారు. ఆ కెనడా లెక్కల్లోనే సవతి తండ్రులున్న ఇళ్ళల్లో ఏడాదికి వేయిమంది పసివాళ్ళలో ఒక్కరికి కూడా అలాంటి ఆపద రాలేదు. మిగిలినవాళ్ళంతా అన్నం తిని, బడికి పోయి, పెరిగి పెద్దవాళ్ళయినవాళ్ళే. స్వీడన్‌లో ఇలాగే లెక్క కడితే అసలు ఆ తేడాయే కనపడలేదని 2000లో ఒక వ్యాసం వచ్చింది. డేలీ, విల్సన్ ఒప్పుకోలేదు. ఆ వాదం చాలాకాలం నడిచింది.

ఇంకో మాట. మనుషుల్లో సవతి తండ్రి కొండముచ్చులాంటివాడని డేలీ, విల్సన్ అనలేదు. మనిషికి చంపే స్వభావం ఏర్పడిందనీ అనలేదు. కన్నబిడ్డ మీద పుట్టే మమత సవతిబిడ్డ మీద అంత సులువుగా, అంత త్వరగా పుట్టదు, ఆ మమత లేనిచోట రాత్రంతా ఏడ్చే పసివాణ్ణి ఓర్చుకోవడం కష్టం, అని మాత్రమే అన్నారు. ఇది మనకి తెలియనిదా? మన కథల్నిండా సవతి తల్లులే కదా! కాని సవతి తండ్రి కథ మీరెన్ని విన్నారు? నాకు ఒక్కటీ గుర్తురాదు. ఎందుకంటే ఆ కథలు చెప్పుకున్న ఇళ్ళల్లో మగవాడు మళ్ళీ చేసుకోవడమే గాని ఆడది చేసుకున్నది లేదు. 1856లో చట్టం వచ్చింది, 1881లో రాజమండ్రిలో వీరేశలింగంగారు వితంతు వివాహం జరిపించారు. అయినా మా నాయనమ్మ కాలందాకా ఆ మాట ఇంట్లో ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. చెమటోడ్చి బతికే కులాల్లో మాత్రం మారుమనువు ఎప్పటినించో ఉంది. మా చుట్టుపక్కల పల్లెల్లో మారుమనువు బిడ్డలు నిక్షేపంగా పెరిగారు. వాళ్ళని అడిగి లెక్క రాసుకున్నవాడు లేడంతే.

రక్తసంబంధమే రక్ష అయితే, మన దేశంలో ఆడపిల్ల గర్భంలోనే ఎందుకు పోయింది? దాన్ని వద్దన్నది సవతి తండ్రి కాదే! కన్నతండ్రి, సొంత నాయనమ్మ. దాన్ని ఆపడానికి 1994లో చట్టం చెయ్యవలసి వచ్చింది. జీన్స్ సిద్ధాంతం చెప్పే కుర్రవాళ్ళు ఈ సంగతి ఎత్తరేమో మరి.

ఇక మా మరదలు అన్న "మగబుద్ధి". దీన్ని నేను పూర్తిగా కొట్టిపారెయ్యను. ఏ దేశం చూసినా హత్యలు చేసేది ఎక్కువగా మగవాళ్ళే, అందులోనూ వయసులో ఉన్న కుర్రవాళ్ళే. పెళ్ళి కోసం, పరువు కోసం, నలుగురిలో మాట పడకుండా ఉండటం కోసం మగవాడు మగవాడితో పోటీపడిన లక్షల ఏళ్ళ చరిత్ర దాని వెనక ఉందంటారు. అయితే చికాగో నగరం లెక్కలూ, ఇంగ్లండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూశారు. ఏ వయసువాళ్ళు ఎంతమందిని చంపారో గీత గీస్తే రెండుచోట్లా గీత ఆకారం ఒక్కటే. కుర్రతనంలో ఒక్కసారిగా పైకి లేచి, వయసుతో దిగిపోతుంది. కాని కొలత చూస్తే చికాగోలో సుమారు 30 రెట్లు ఎక్కువ! రెండుచోట్లా ఉన్నది అదే మగజాతి. మరి ఆ 30 రెట్లు జీన్స్‌లోనించి వచ్చాయా?

పెళ్ళి సంబంధాల్లోనూ అంతే. డేవిడ్ బస్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 37 సంస్కృతుల్లో పదివేలమందికి పైగా అడిగి 1989లో అచ్చువేశాడు. మగవాళ్ళు చిన్నవయసునీ అందాన్నీ కోరారు, ఆడవాళ్ళు సంపాదననీ స్థితినీ కోరారు. మన పెళ్ళిళ్ళ పేరయ్యను అడిగినా చెప్పేవాడు. కాని ఆడా మగా ఇద్దరూ వీటికంటే ముందు పెట్టినవి మంచితనం, తెలివి. ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఆ లెక్కల్నే మరో ఇద్దరు 1999లో తిరగేస్తే, ఆడవాళ్ళకి సమానత్వం ఎక్కువున్న దేశాల్లో ఈ తేడాలు తగ్గినట్టు కనపడింది.

నాకు అన్నిటికంటే నచ్చినది ఫిలిప్పీన్స్ దేశంలో సెబూ అనేచోట చేసిన పరిశోధన. అక్కడ 624 మంది కుర్రవాళ్ళకి 2005లో ఒకసారి, 2009లో ఇంకోసారి టెస్టోస్టెరాన్ పరీక్ష చేశారు. అదే, మగతనానికీ పోట్లాటకీ మూలమని అందరూ చెప్పుకునే హార్మోను. ఈలోగా పెళ్ళయి తండ్రులైనవాళ్ళలో ఆ హార్మోను బాగా పడిపోయింది. అందులోనూ రోజూ మూడు గంటలో, అంతకంటే ఎక్కువో బిడ్డను ఎత్తుకుని, ఆడించి, తినిపించేవాళ్ళలో అందరికంటే తక్కువ ఉంది. ఆఫ్రికాలో టాంజానియాలో పక్కపక్కనే బతికే రెండు తెగల్లో కూడా ఇలాగే చూశారు. హాడ్జా తండ్రులు పిల్లల్ని ఎత్తుకుంటారు, వాళ్ళలో హార్మోను తక్కువ. డాటోగా తండ్రులు పసిబిడ్డల్ని ముట్టుకోరు, వాళ్ళలో తండ్రయినా కాకపోయినా తేడా లేదు. అంటే బిడ్డను కన్నంతమాత్రాన మగవాడు మెత్తబడడు, చంకనేసుకుంటే మెత్తబడతాడు. చంకనేసుకోవడానికి కన్నవాడే కానక్కర్లేదు కదా!

ముసలమ్మల సంగతి మళ్ళీ చెప్పాలి. హర్డీ పెద్దవయసులో, 2009లో, ఇంకో పుస్తకం రాసింది. మనిషి బిడ్డ పెరగడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది, తల్లి ఒక్కతే ఎప్పుడూ పెంచలేదు, చుట్టూ నాలుగు చేతులు లేకపోతే మన జాతే మిగిలేది కాదు అంటుంది. 45 జనసమూహాల లెక్కలు చూసి, పిల్లలు బతకడానికి ఎవరున్నది తోడ్పడింది అని ఇంగ్లండులో ఇద్దరు పరిశోధకురాళ్ళు 2008లో తేల్చారు. తల్లి తరవాత అమ్మమ్మే! అమ్మమ్మ ఉన్నందువల్ల మేలు జరిగినట్టు చాలాచోట్ల కనపడింది. తండ్రి ఉన్నందువల్ల తేడా కనపడింది లెక్క చూసినవాటిలో మూడింట ఒకవంతు చోట్లే. మగవాళ్ళు ఎవరైనా వింటుంటే చిన్నబుచ్చుకోకండి, లెక్క అలా వచ్చింది. తొలిచూలుకి పిల్లను పుట్టింటికి తీసుకువచ్చే మన ఆచారం పెట్టినవాళ్ళు ఏ పరిశోధనా చెయ్యలేదు గాని, ఈ సంగతి వాళ్ళకి తెలుసు.

ఇదంతా మా అబ్బాయికి ఫోనులో చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "నేను పూర్తిగా చదవలేదమ్మా" అన్నాడు. ఫోనులో నిమిషంన్నర వీడియో చూశాడట! నెలరోజులు నాచేత చదివించింది నిమిషంన్నర వీడియో.

మా మేనకోడలికీ చెప్పాను. దాచకుండా అన్నీ చెప్పాను, కెనడా లెక్కతో సహా. ఆ పిల్ల నాకంటే తెలివైంది. "అత్తా, అయితే చూడవలసింది ఆయన జీన్స్ కాదు, ఇల్లు" అంది. అది మా తమ్ముడితో చెప్పిన షరతు ఒక్కటే. పెళ్ళయ్యాక కాపురం పుట్టింటికి నడిచి వచ్చేంత దూరంలో ఉండాలి. పాప బడినించి రోజూ అమ్మమ్మ దగ్గరికి రావాలి. ఎప్పుడైనా పాప ఆయన దగ్గరికి పోనని మొండికేస్తే, "అలా అనకూడదు, నాన్న కదా" అని ఎవరూ నోరు నొక్కకూడదు, ఎందుకో అడగాలి. ఆ చివరిమాట కన్నతండ్రులున్న ఇళ్ళకి కూడా వర్తిస్తుందని నాకనిపించింది. పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోను నంబరు 1098 అని మీలో ఎంతమందికి తెలుసు? మా మరదలు క్యాలెండరు మీద రాసి పెట్టుకుంది.

ఆయన ఇంటి షరతుకి వెంటనే సరేనన్నాడు. ఆయన తల్లి మాత్రం "ఏం, ఇల్లరికం పోతున్నావా?" అని అలిగింది. ఇంకా అలక తీరలేదు. ఈలోగా ఆయన ఆదివారం ఆదివారం వచ్చి ఒక గంట కూర్చుని పోతున్నాడు. మొదటి రెండు ఆదివారాలు పాప నా కొంగు వదల్లేదు. మూడో ఆదివారం గుమ్మందాకా వెళ్ళి, ఆయన మొహం కాసేపు పరీక్షగా చూసి, చెప్పు ఆయన చేతికిచ్చి కాలు ముందుకు చాపింది. బకిల్ పెట్టడం ఆ మహానుభావుడికి చేతకాలేదు. పాపే చూపించింది.

ముహూర్తం మాఘమాసంలో పెట్టారు. దగ్గర్లో అద్దె ఇల్లు ఇంకా దొరకలేదు.